మాట్లాడుకుంటూ రాసే పరీక్ష!

పరీక్ష హాల్లో పక్కవాళ్ళతో గుసగుసలాడితే పేపరు లాగేసుకుంటారు. ఖమ్మంలో నేను పాఠాలు చెప్పే ఫార్మ్-డి క్లాసులో మాత్రం ఒక పరీక్ష ఉంది. అందులో నోరు విప్పకపోతేనే మార్కులు పోతాయి!

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1970ల చివర్లో అమెరికాలోని ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో లారీ మైకేల్సన్ అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసరు మొదలుపెట్టారు. తర్వాత వైద్య, ఫార్మసీ కాలేజీలూ అందుకున్నాయి. ముందు ఎవరి పేపరు వాళ్ళు రాయాలి. వెంటనే అదే పేపరు ఐదారుగురు కలిసి, చర్చించుకుని మళ్ళీ రాయాలి. రెండింటికీ మార్కులుంటాయి. జట్టులో ఎవరు ఎంత సాయపడ్డారో తోటివాళ్ళే చెప్పాలి.

ఎలా అడగాలో తెలిసిన పిల్ల

మందుల భద్రత మీద మేమిచ్చిన ఒక ప్రశ్న చూడండి. 'భద్రాచలం ఏజెన్సీ నుంచి వచ్చిన 25 ఏళ్ళామెకు వైవాక్స్ మలేరియా. డాక్టరు చీటీలో క్లోరోక్విన్‌తోపాటు 14 రోజుల ప్రైమాక్విన్ ఉంది. మీరేం చేస్తారు?'

కాలేయంలో దాక్కున్న మలేరియా క్రిముల్ని చంపి, జ్వరం తిరగబెట్టకుండా చూసేది ప్రైమాక్విన్. అందుకే విడిగా రాసినప్పుడు చాలామంది 'ఇచ్చేస్తాం' అన్నారు. జట్టుగా కూర్చున్నాక ఒకబ్బాయి, "జి-6-పి-డి లోపం ఉంటేనో?" అన్నాడు. ఆ ఎంజైము తక్కువున్న వాళ్ళకు ఈ మాత్రతో ఎర్రకణాలు పగిలిపోతాయి. మూత్రం నల్లగా వస్తే మందు ఆపేసి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

అప్పటిదాకా మాట్లాడని చర్ల వైపు అమ్మాయి మెల్లగా అంది: "ఆమెకి నెల తప్పిందేమో అడగొద్దా? మా ఊళ్ళో మూడో నెల దాటేదాకా బయటికి చెప్పరు మేడమ్. మగవాళ్ళ ముందు అసలే చెప్పరు. పక్కకి పిలిచి అడగాలి."

గర్భిణికి ప్రైమాక్విన్ ఇవ్వకూడదని పుస్తకంలో అందరూ చదివినదే. ఎలా అడగాలో తెలిసింది ఆ ఒక్క పిల్లకే! జట్టంతా జవాబు మార్చుకుంది. రేపు వీళ్ళు మందులివ్వాల్సింది ఆ అడవి అంచు ఊళ్ళ వాళ్ళకే కదా!

మీరూ ఆ జట్టులోనే

మందుల వల్ల కలిగే తీవ్రమైన, నివారించదగిన హానిని ఐదేళ్ళలో సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పిలుపునిచ్చింది. డాక్టరు కన్ను తప్పినా నర్సు కంటో, ఫార్మసిస్టు కంటో పొరపాటు పడాలి. అందరికన్నా ఆఖర్న మాత్ర చేతిలోకి తీసుకునేది మనం. కాబట్టి:

* నెల తప్పినా, బిడ్డకు పాలిస్తున్నా వాళ్ళు అడక్కముందే చెప్పండి.

* పసిపిల్లల పారాసిటమాల్ చుక్కల మందులో సాధారణంగా ఒక్క మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల మందుంటుంది. మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మాత్రమే. సిరప్ అయిపోయిందని చుక్కల మందు చెంచాడు పోస్తే నాలుగు రెట్లు పడుతుంది!

* ఇంట్లో వాడుతున్న మాత్రలు, పసరు మందులు అన్నీ ఓ సంచిలో వేసుకెళ్ళి చూపించండి.

* మందు పడకపోతే ముందు డాక్టరు దగ్గరికెళ్ళండి. తర్వాత 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి ఆ సంగతి చెప్పండి. మీరు చెప్పింది ఇంకొకరికి మేలు చేస్తుంది.