పాత రౌటరుకి కొత్త ముఖం

మన ఇళ్ళలో ఫోన్లూ, కంప్యూటర్లూ, ఇండియాలో ఉన్న అమ్మానాన్నలతో వీడియోలో మాట్లాడే టాబ్లెట్టూ అన్నీ రౌటర్ అనే చిన్న డబ్బా గుండానే ఇంటర్నెట్‌లోకి వెళతాయి. నిజానికి రౌటర్ కూడా ఒక కంప్యూటరే. తెర ఒక్కటే లేదు. దానికి బొమ్మలూ మీటలూ ఉన్న తెరని సమకూర్చే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఉన్నది పనిచేస్తూంటే ఈ తంటా ఎందుకంటారా? కొన్నేళ్ళయ్యాక తయారీ కంపెనీ పాత మోడల్‌ని పట్టించుకోవడం మానేస్తుంది. డబ్బా నడుస్తూనే ఉంటుంది కాని, అందులో బయటపడ్డ లొసుగులని పూడ్చేవాళ్ళుండరు. 2025 మే నెలలో ఎఫ్‌బీఐ సరిగ్గా ఇలాంటి కాలం చెల్లిన రౌటర్ల గురించే హెచ్చరించింది. నేరగాళ్ళు వాటిలో జొరబడి, తమ ఆచూకీ దొరక్కుండా వాటి చాటున పనులు నడుపుతున్నారు. అంటే, ఎవరో చేసిన నేరానికి మన ఇంటి ఇంటర్నెట్ చిరునామా కనిపిస్తుందన్నమాట.

ఇక్కడ అక్కరకొచ్చేది ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి. 2002 చివర లింక్‌సిస్ కంపెనీ అమ్మకానికి పెట్టిన డబ్ల్యుఆర్‌టి54జి రౌటర్‌లో లైనక్స్ ఉంది. లైనక్స్ లైసెన్సు షరతు వల్ల ఆ కంపెనీ 2003లో ప్రోగ్రాం పాఠాన్ని బయటపెట్టింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి మొదలైంది. ఆజ్ఞలు టైపు చెయ్యక్కరలేకుండా దాన్ని బ్రౌజర్‌లోనే నడుపుకోడానికి 2008లో జర్మనీలోని ఫ్రైఫుంక్ బృందం వారు ‘లూసీ’ని ప్రారంభించారు.

నేను పాటించే వరస ఇది. ముందు డబ్బా అడుగున ఉన్న మోడల్, వెర్షన్ నంబర్లు చూసి, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వారి పట్టికలో వెతకండి. ఫ్లాష్ 8 మెగాబైట్లకి, మెమరీ 64 మెగాబైట్లకి తక్కువైతే ఆశ వదులుకోండి. కేబుల్ కంపెనీ అద్దెకిచ్చిన డబ్బా జోలికి అసలు పోకండి. అన్నీ కుదిరితే, సరిగ్గా ఆ వెర్షన్‌కే ఉద్దేశించిన ‘ఫ్యాక్టరీ’ ఫైలుని దింపుకోండి. ‘స్నాప్‌షాట్’ అని ఉన్నది వద్దు. అందులో లూసీ ఉండదు.

తరువాత కంప్యూటర్‌ని రౌటర్‌కి తీగతో కలిపి, కంపెనీవారి పాత పేజీలోనే ఫర్మ్‌వేర్ మార్చే చోట ఆ ఫైలుని ఎక్కించండి. ఆ కొద్ది నిమిషాలూ కరెంటు తియ్యకూడదు. తీస్తే డబ్బా ఎందుకూ పనికిరాకుండా పోవచ్చు.

రౌటర్ మళ్ళీ లేచాక, బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే లూసీ పలకరిస్తుంది. పేరు ‘రూట్’, పాస్‌వర్డ్ ఉండదు. కనక మొట్టమొదట పాస్‌వర్డ్ పెట్టండి. వైర్‌లెస్ కట్టేసి ఉంటుంది, కంగారుపడకండి. ‘నెట్‌వర్క్’ కింద ‘వైర్‌లెస్’లోకి వెళ్ళి, దేశం ఎంచుకుని, డబ్ల్యుపీఏ2 లేదా డబ్ల్యుపీఏ3 రక్షణ పెట్టాకే దాన్ని తెరవండి.

ఇక మీ ఇష్టం. ఏయే పరికరాలు కలిసి ఉన్నాయో చూడొచ్చు. చుట్టాలకి వేరే వైర్‌లెస్ పేరు ఇవ్వొచ్చు. రాత్రి పదయ్యాక పిల్లల టాబ్లెట్‌కి మాత్రమే ఇంటర్నెట్ ఆపొచ్చు.

ఒక్క కట్టుబాటు మాత్రం తప్పదు. లూసీ పేజీ ఇంటి లోపలినుంచే తెరుచుకుంటుంది; సౌకర్యం కోసమని దాన్ని బయటికి తెరిచి పెట్టకండి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఎక్కించండి. ఆ పని మానేస్తే ఇదీ కొన్నాళ్ళకి మరో పాత డబ్బాయే అవుతుంది.