మునిగిన యూళ్లు, తీరని ఋణములు

దయ్యముల కథలు పసివారిని భయపెట్టుటకే పుట్టినవని తలచువారు మనలో పెక్కురు గలరు. ఉత్తర సముద్రమున నున్న ఐస్‌లాండు వాసు లట్లు తలపరు. 1262 మొదలు నార్వే, డెన్మార్కు రాజుల యేలుబడిలో నుండి 1944లో గణరాజ్యమైన యా చిన్న జాతికి దయ్యమనగా తీరని ఋణము. 1955లో నోబెల్ బహుమానము నందిన హాల్డోర్ లాక్స్‌నెస్ రచించిన ‘స్వతంత్ర జనులు’ అను నవలలో, పదునెనిమిదేండ్లు పరులకు చాకిరిచేసి భూమి గొన్న కర్షకుని ఆ నేల నంటియున్న పూర్వశాపము వెన్నాడుచునే యుండును.

నేటి రచయిత లీ భావమును కొండలకును మంచునకును విస్తరింపజేసిరి. విదేశ కంపెనీవారి అల్యూమినియము కర్మాగారమునకు విద్యుచ్ఛక్తి నిచ్చుటకై కారాన్యూకర్ ఆనకట్ట గట్టుచుండగా, ఆండ్రి స్నైర్ మాగ్నసన్ 2006లో ‘స్వప్నభూమి’ యను గ్రంథమున దాని నెదిర్చెను. నశించిన ‘ఓక్’ హిమానీనదమునకు 2019లో నెలకొల్పిన స్మారక ఫలకముపై వాక్యములు వ్రాసినవాడు నతడే.

ఇది మనకు దూరపు గాథ కాదు. వడ్డేపల్లికి చేరువనున్న అలంపురమునకు బోయి చూడుడు. కూడవెల్లి సంగమేశ్వరాలయము నేడచ్చట నున్నది. శ్రీశైల జలాశయమున మునుగకుండ దానిని రాయిరాయిగా విప్పి తెచ్చి మరల గట్టిరి. 1963లో శంకుస్థాపన జరిగిన యా ప్రాజెక్టు క్రింద నూరింటికి పైబడిన పల్లెలు మునిగినవి. 1981 ప్రాంతమున లక్షమంది జనులు ఇల్లువాకిళ్లు విడువవలసి వచ్చినది. దేవునికి వేఱుచోటు దొరకినది. మనుజునికి దొరకిన దేమి?

దొరకినది 1894 నాటి భూసేకరణ చట్టము. తెల్లదొరలు పోయినను వారి శాసనము పోలేదు. భూమికి వెల గట్టుటయే గాని, భూమిలేని కూలికిని, చేతిపనివానికిని, చెదరిన యూరికిని పునరావాసపు హక్కు నెఱుగని చట్టమది. 2013లో క్రొత్త శాసనము వచ్చి 2014 జనవరి 1 నుండి అమలగువఱకు, స్వరాజ్యమున నఱువదియాఱేండ్లు అది మనలను పట్టి పీడించినది. మన పాలిటి నిజమైన దయ్య మదియే.

అదే తుంగభద్రపై రాజోలిబండ కాలువ కథ వేఱు. బచావత్ న్యాయస్థానము మనకు 15.9 టీఎంసీల నీటిని గేటాయించినది; నిర్ణీత ఆయకట్టు 87,500 ఎకరములు. కాగితముపై నీరున్నది, చివరి పొలమునకు రాదు. ఒకచోట వచ్చిన నీరు ఊళ్లను మ్రింగెను. మఱియొకచోట రాని నీరు పైరులను మ్రింగుచున్నది. ఏటియావల కర్నూలు సీమలో మఱియొక సంగమేశ్వరుడు జలాశయము తగ్గిన వేసవిలో మాత్రము వెలికి వచ్చి, మరల మునుగుచున్నాడు. మునిగినది లేకపోలేదని మన కింతకంటె సాక్ష్య మేల?

చంద్రలత గారి ‘దృశ్యాదృశ్యము’ వంటి నవలలు మునుగు బ్రతుకులను దలచినవి. అవి చాలవు. ఇల్లు విడిచిననాడు ముప్పదియేండ్లవారు నేడు డెబ్బదులు దాటినవారు. ఆ పల్లెల పేళ్లు, బావులు, జాతరలు, పంటలు వారి నోటనే యున్నవి. జలాశయపు ఫలమనుభవించు భూస్వాములును, విద్యుద్దీపముల క్రింద జదువుకొను పట్టణవాసులును ఆ వృద్ధుల యింటికి బోయి వారి మాటలు వ్రాసికొనుట ధర్మము. పితరులకు తిలోదకము లిచ్చు జాతి, నీట మునిగిన యూళ్లకు రెండక్షరములైన నీయలేదా? ఋణము తీరనిదే దయ్యము శాంతింపదు.