పాత బొమ్మకార్ల మరమ్మతు

ఇంగ్లండులోని లివర్‌పూలు నగరమున ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో సంస్థ 1934లో తన చిన్న లోహపు కార్లకు 'డింకీ టాయ్స్' అను పేరు పెట్టెను. అవి అరచేతిలో ఇమిడిపోవునంత చిన్నవి. అయినను రబ్బరు టైర్లతో, తళతళలాడు రంగుతో నిజమైన కార్లనే తలపించెడివి. ఆ కర్మాగారము 1979లో మూతబడినది. అందు తయారైన బొమ్మలు మాత్రము నేటికిని పాతపెట్టెలలోను, అటకలమీదను దొరకుచునే యున్నవి. ఒకదాని ఇరుసు వంగియుండును. వేరొకదానికి చక్రమే యుండదు. వీనిని బాగుచేయుట పలువురకు ప్రియమైన వ్యాసంగము.

దెబ్బతిన్న కారు చేతికి రాగానే మొదట చూడవలసినది దాని లోహమును. ఈ కార్లను జింకు, అనగా తుత్తునాగము, ప్రధానముగా గల మిశ్రలోహమును కరగించి ఉక్కు అచ్చులలో పోసి చేసిరి. అందు అల్యూమినియము నూటికి నాలుగు పాళ్లు, రాగియు మెగ్నీషియమును కొలదిగా నుండును. దీనిలో సీసము రవంత కలిసినను ముప్పే. ఏండ్లు గడచినకొలది తేమ తగిలి లోహము లోలోపలనే చివుకును. ఉబ్బును, బీటలు వారును, తుదకు పొడియై రాలును. దీనికి 'జింకు తెగులు' అని పేరు. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు చేసిన కార్లలో ఇది తరచుగా కానవచ్చును. దీనికి మందు లేదు. పొడిచోట భద్రపరచినచో కొంత నెమ్మదించును, అంతే.

తెగులు లేని కారును విప్పవచ్చును. పైభాగమును అడుగురేకుతో కలుపు రివెట్టు తలను మాత్రమే బరమాతో మెల్లగా తొలుచుదురు. తొందరపడి లోతుగా తొలిచినచో మరల బిగించుటకు పట్టు మిగులదు. ఈ లోహము సుమారు 380 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే కరగును. ఇత్తడిని అతికినట్లు మంటపెట్టి అతుకబోయిన, అతుకు పడుటకు ముందే కారు ముద్దయగును! కావున విరిగిన చోట ఎపాక్సీ జిగురే శరణ్యము. పాతరంగులలో సీసము ఉండవచ్చును గనుక దానిని గీకి పొడిచేయుట అపాయకరము; ద్రావకముతో తొలగించుట మేలు. అదియు పెద్దలు, చేతితొడుగులు ధరించి, గాలియాడు చోట చేయవలసిన పని.

ఇంతకును ఆ రంగు తీయవలెనా? పెక్కుమంది సేకర్తలు గీతలు పడిన అసలు రంగునకే ఎక్కువ విలువ నిత్తురు. ఆ గీతలు ఏ బాలుడో ఆడుకొన్న గుర్తులు. ఒకసారి తుడిచివేసిన అవి మరల రావు. రంగు పూర్తిగా పోయిన కారునకు కొత్తరంగు వేయుట తప్పుగాదు. వేసి, అసలుదని చెప్పి అమ్ముట మోసము. తక్కినవానిని సబ్బునీటితో కడిగి, ఇరుసు సరిచేసి, ఎండి పగిలిన టైర్లకు బదులు కొత్తవి తొడిగిన చాలును. ఊడదీసిన టైర్లను సహితము పారవేయక, చిన్న సంచిలో కట్టి కారుతోపాటు పెట్టెలో నుంచువారు కలరు.