ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ: ఆటిజం బోధించే అధ్యాపకుల పని



ఖరగ్‌పూర్ స్టేషను పేరు మీరు జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో చదివే ఉంటారు. 1072.5 మీటర్ల పొడవున్న అక్కడి ప్లాట్‌ఫారం చాలా ఏళ్ళపాటు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని దాటిపోయాయి. పొడవు సంగతి అలా ఉంచి, ఆ ఊళ్ళో వినిపించే మాటల సంగతి చూద్దాం. స్టేషను మైకులో హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు. బజారులో బెంగాలీ. రైల్వే క్వార్టర్లలో వీధి వీధికీ తెలుగు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారు రైల్వే పనులకు వెళ్ళి అక్కడ స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ఖరగ్‌పూర్ తెలుగువారే ముఖ్య కారణం.

అటువంటి ఊళ్ళో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. ఆరేళ్ళ బాబు ఉన్నాడు. నాయనమ్మ పెట్టే అన్నం అతనికి "బువ్వ", పక్కింటి మాషీ ఇచ్చే నీళ్ళు "జొల్", బడిలో బంతి "బాల్". ఎదుటివారి ముఖం వంక చూడడు. పిలిస్తే పలకడు. కాని సాయంత్రం అయ్యేసరికి "యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దే" అని స్టేషను ప్రకటనను ఆ గొంతుతో, ఆ రాగంతో అప్పజెబుతాడు. పక్కవాళ్ళు నవ్వుతారు. ఒకరు "ఇన్ని భాషలు వింటే పిల్లవాడికి మాటలెలా వస్తాయి, తెలుగు మానెయ్యండి" అని సలహా ఇస్తారు. ఇంట్లో ఎవరో "తల్లి ముద్దు ఎక్కువైంది" అంటారు. ఈ ఇద్దరి మాటల్లోనూ నిజం లేదు. లేదని మనం ఎలా చెప్పగలుగుతున్నాం? దాన్ని కనుక్కుని, నేర్చుకుని, మరొకరికి నేర్పేవారు ఎవరు? విశ్వవిద్యాలయంలో ఆటిజాన్ని బోధించే అధ్యాపకుల పని అదే. ఈ పాఠంలో ఆ పని గురించి తెలుసుకుందాం.

ముందుగా ఆటిజం అంటే ఏమిటో క్లుప్తంగా చెప్పుకుందాం. ఇది అంటువ్యాధి కాదు, పెంపకంలో లోపం కాదు. మెదడు ఎదుగుదలలో పుట్టుక నుంచే ఉండే భిన్నత్వం. రెండు రంగాల్లో ఇది కనిపిస్తుంది. ఒకటి, ఇతరులతో మెలగడం, సంభాషించడం. రెండు, ఒకే రకం పనులు, ఆసక్తులు మళ్ళీ మళ్ళీ కొనసాగించడం. శబ్దం, వెలుతురు, స్పర్శ వంటివాటికి మితిమీరి లేదా అతి తక్కువగా స్పందించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో దాదాపు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. కొందరికి మాటలే రావు. కొందరు డాక్టరేట్లు తీసుకుంటారు.

1943లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అనే పిల్లల మనోవైద్యుడు 11 మంది పిల్లలను వర్ణిస్తూ రాసిన వ్యాసంతో ఈ శాస్త్రం మొదలైందని సాధారణంగా చెబుతారు. మరుసటి ఏడాది వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అటువంటి పిల్లల గురించే రాశారు. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా ఈ శాస్త్రం దారి తప్పింది. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లనే పిల్లవాడు ఇలా అయ్యాడన్న సిద్ధాంతం రాజ్యమేలింది. బ్రూనో బెట్టెల్‌హైమ్ 1967లో ప్రచురించిన పుస్తకం దానికి ఎంతో ప్రచారం ఇచ్చింది. నిజానికి అంతకు మూడేళ్ళ ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ ఇది శారీరక కారణాలవల్ల వచ్చేదని వాదిస్తూ ఒక గ్రంథం రాశారు. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న అబ్బాయికి తండ్రి కూడా. తప్పుడు సిద్ధాంతం కాగితం మీద కొట్టివేయబడింది. మనుషుల నోళ్ళలో మాత్రం ఇంకా బతికే ఉంది. అప్పుడు "చల్లని తల్లి" అన్నారు, ఇప్పుడు "ముద్దు చేసే తల్లి" అంటున్నారు. నిందితురాలు మాత్రం మారలేదు. టీకాల కథ కూడా ఇలాంటిదే. 1998లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన వ్యాసాన్ని అదే పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. అయినా టీకా వల్ల ఆటిజం వస్తుందేమోనని భయపడే తల్లిదండ్రులు ఈనాటికీ ఉన్నారు.

ఇక మన బాబు దగ్గరికి తిరిగి వద్దాం. అధ్యాపకురాలు తరగతిలో ఈ ఉదాహరణ ఇచ్చి, కాబోయే ప్రత్యేక ఉపాధ్యాయులను ఒక ప్రశ్న అడుగుతారు: "ఈ పిల్లవాడికి ఎన్ని మాటలు వచ్చు?" పరీక్ష పెట్టే వ్యక్తికి బెంగాలీ మాత్రమే వస్తే "జొల్" ఒక్కటే లెక్కకు వస్తుంది. తెలుగు మాత్రమే వస్తే "బువ్వ" ఒక్కటే. మూడు భాషలూ కలిపి చూస్తే అతనికి మూడు వస్తువుల పేర్లు తెలుసు. ఏ ఒక్క భాషలో కొలిచినా పిల్లవాడు ఉన్నదానికన్నా వెనుకబడ్డట్టు కనిపిస్తాడు. కాబట్టి అన్ని భాషల్లోనూ తెలిసిన మాటలన్నీ కలిపి లెక్కించాలి.

మరి భాషలు ఎక్కువైతే ఆటిజం ఉన్న పిల్లలకు నష్టమా? 2012లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ఆటిజం ఉన్న ఏకభాషా పిల్లలను, ద్విభాషా పిల్లలను పోల్చి చూశారు. రెండు భాషలు వినడం వల్ల మాటలు అదనంగా ఆలస్యం కాలేదని తేలింది. ఇతర దేశాల్లో జరిగిన అధ్యయనాలూ ఇదే దిశలో ఉన్నాయి. పైగా ఇంటి భాష మానేస్తే కలిగే నష్టం కళ్ళకు కనిపించేదే. నాయనమ్మకు ఇంగ్లీషు రాదు; తల్లికి వచ్చిన బెంగాలీ బజారు వరకే. ఆ భాషల్లోనే మాట్లాడమంటే వాళ్ళు పొడి పొడి మాటలతో సరిపెడతారు. జోల పాట పోతుంది, కథ పోతుంది, బుజ్జగింపు పోతుంది. మాటలకోసమే తంటాలు పడే పిల్లవాడి చుట్టూ మాటలు తగ్గిపోతాయి. నా ఉద్దేశంలో, "తెలుగు మానెయ్యండి" అన్న సలహా మంచి మనసుతో ఇచ్చేదే అయినా, పిల్లవాడి నోటి దగ్గరి అన్నం తీసేసినట్టే.

స్టేషను ప్రకటన సంగతి ఇంకా ఆసక్తికరం. విన్న మాటలను యథాతథంగా తిరిగి చెప్పడాన్ని ఎకోలాలియా అంటారు. ఒకప్పుడు దీన్ని అర్థంలేని చిలకపలుకు అనుకుని మాన్పించేవారు. 1980ల ఆరంభంలో బారీ ప్రైజంట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు పిల్లలను వీడియో తీసి, ఒక్కొక్క మాటను ఏ సందర్భంలో అన్నారో పరిశీలించారు. అడగడానికి, కాదనడానికి, వంతు తీసుకోవడానికి, తమను తాము శాంతపరచుకోవడానికి ఈ పలుకులు పనికివస్తున్నాయని తేలింది. మన బాబు ప్రకటన చెప్పేది సాయంత్రం పూటే ఎందుకు? తండ్రి డ్యూటీ దిగి వచ్చే వేళ అదేమో. స్టేషనుకు తీసుకెళ్ళమని అడగడమేమో. శిక్షణలో ఉన్న విద్యార్థి వారం రోజులు నోటుబుక్కుతో కూర్చుని గంట, సందర్భం, ఎదుట ఎవరున్నారు అన్నవి రాసుకుంటే గాని తెలియదు. ఆ నోటుబుక్కును దిద్దడం, తొందరపడి తీర్పు రాసినచోట గీత గీయడం అధ్యాపకుల పనిలో పెద్ద భాగం. ఉపన్యాసం ఇవ్వడం కన్నా ఇదే కష్టం.

కొలతల సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో ఆటిజాన్ని అంచనా కట్టడానికి ఒక భారతీయ స్కేలు ఉంది. దాన్ని తయారుచేసింది సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ. అప్పట్లో అది జాతీయ మానసిక వికలాంగుల సంస్థ. ఇప్పుడు మేధో వైకల్యం గల వ్యక్తుల సాధికారత సంస్థగా పేరు మారింది. 2009లో విడుదలైన ఈ స్కేలులో ఆరు విభాగాల కింద 40 అంశాలున్నాయి. ఒక్కొక్కదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం లేదు, 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఇప్పుడు ఆలోచించండి. అంశాల్లో కొన్ని సంభాషణకు సంబంధించినవి. తెలుగు రాని పరీక్షకుడు తెలుగు పిల్లవాడి ముందు కూర్చుంటే ఆ గడుల్లో ఎటువంటి మార్కులు పడతాయి? ఆ మార్కులమీదే ధ్రువపత్రం, దానిమీదే సౌకర్యాలు. అందుకే ప్రశ్నలు అడిగే భాష, తల్లితో మాట్లాడే పద్ధతి తరగతిలో అభ్యాసం చేయిస్తారు.

ఖరగ్‌పూర్ అనగానే మీకు ఐ.ఐ.టి. కూడా గుర్తుకు వస్తుంది. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన సంస్థ అది. అక్కడ కంప్యూటర్ శాస్త్రవేత్త అనుపమ్ బసు బృందం సెరిబ్రల్ పాల్సీ వల్ల మాట్లాడలేని పిల్లలకోసం "సంయోగ్" అనే సాఫ్ట్‌వేర్ రూపొందించింది. పిల్లవాడు బొమ్మలు ఎంచుకుంటే అవి వాక్యంగా మారతాయి. వినడానికి తేలికే. కాని "నేను", "బడి", "వెళ్ళు" అనే మూడు బొమ్మలను తెలుగులో వాక్యం చేయాలంటే బడికి "కి" చేర్చాలి, క్రియను చివర పెట్టాలి, "వెళ్తాను" అని నేనుకు సరిపోయేలా మార్చాలి. బెంగాలీలో మరో చిక్కు: అక్కడ అన్నమూ "ఖాబో", నీళ్ళూ "ఖాబో". మనం తింటాం, తాగుతాం. వాళ్ళకు రెండూ ఒకే క్రియ. ఒక భాషలో రెండు బొమ్మలు కావలసిన చోట మరో భాషలో ఒకటి చాలు. ఇటువంటి పనిముట్లు మాటలు రాని ఆటిజం పిల్లలకూ ఉపయోగపడతాయి. చెన్నైలో తయారైన "ఆవాజ్" అందుకు ఉదాహరణ. కాబట్టి ఈ రంగంలోకి రావడానికి వైద్యమో, మనస్తత్వ శాస్త్రమో మాత్రమే దారి కాదు. భాషాశాస్త్రం, కంప్యూటర్లు చదివినవారికీ చోటుంది.

ఉద్యోగం వివరాలు అడుగుతారు కదా! బ్రిటన్‌లో బర్మింగ్‌హాం వంటి విశ్వవిద్యాలయాల్లో ఆటిజం పేరుతోనే కోర్సులున్నాయి. మన దగ్గర ఇది ఎక్కువగా ప్రత్యేక విద్య, పునరావాస మనస్తత్వ శాస్త్రం, వాక్ చికిత్స విభాగాల్లో భాగంగా ఉంటుంది. ప్రత్యేక విద్యలో బోధించాలంటే ఆ విషయంలో ఎం.ఇడి. వంటి పట్టాతో పాటు 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో పేరు నమోదై ఉండాలి. యు.జి.సి. నెట్ పరీక్షలో ఆటిజం అనే సబ్జెక్టు లేదు. ఎడ్యుకేషన్, సైకాలజీ ఉన్నాయి. 2010 తరువాత విశ్వవిద్యాలయాల్లో లెక్చరర్ పోస్టు పేరు అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా మారింది. 2018 నిబంధనల ప్రకారం వారానికి 16 గంటల బోధన. మిగతా సమయం పరిశోధన, ప్రాక్టికల్స్, పుస్తకాలు. తలుపు దగ్గర ఫైలు పట్టుకుని నిలబడే తల్లిదండ్రులకు ఇచ్చే సమయం మాత్రం ఏ నిబంధనలోనూ లెక్కకు రాదు.

ఆ తల్లిదండ్రులనే అధ్యాపకులు గురువులుగా భావించిన సందర్భాలున్నాయి. 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థను మొదలుపెట్టిన మేరీ బరువా ఒక తల్లే. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరు లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో అది చేరింది. 2016 చట్టంలో 21 వైకల్యాల జాబితాలో చోటు దొరికింది. ఈ మార్పు వెనుక తల్లిదండ్రుల సంఘాల కృషి చాలా ఉంది.

ఇక చివరగా, ఆటిజం ఉన్నవారే ఆటిజం బోధిస్తే? అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో పశువిజ్ఞాన ఆచార్యులు. తన అనుభవాన్ని పుస్తకాలుగా రాశారు. బ్రిటన్‌లోని కెంట్ విశ్వవిద్యాలయంలో బోధించిన డేమియన్ మిల్టన్ స్వయంగా ఆటిజం ఉన్న వ్యక్తి, ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి. 2012లో ఆయన ఒక వాదన ముందుకు తెచ్చారు: ఆటిజం ఉన్నవారికి మనం అర్థం కాకపోవడం ఎంత నిజమో, మనకు వారు అర్థం కాకపోవడం అంతే నిజం, లోపం ఒకవైపుదే అనడం సరికాదు. 2020లో ఎడింబరో పరిశోధకులు దీన్ని పరీక్షించారు. ఒకరి చెవిలో చెప్పిన మాట వరుసగా చివరివారి దాకా వెళ్ళే ఆట మీకు తెలుసు కదా, అలాగే ఎనిమిది మంది వరుసలో ఒక కథను చేరవేయించారు. అందరూ ఆటిజం ఉన్నవారైన వరుసలో కథ ఎంత నిలిచిందో, అందరూ లేనివారైన వరుసలో కూడా అంతే నిలిచింది. ఇద్దరినీ కలిపిన వరుసలో ఎక్కువ పోయింది.

మన దేశంలో 2016 చట్టం ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం పోస్టులు నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్నవారికి కేటాయించింది. ఆ నాలుగులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం. పోస్టును అందుకు తగినదిగా గుర్తించిన చోట అధ్యాపక ఉద్యోగానికి కూడా ఇది వర్తిస్తుంది. రైళ్ళ వేళలన్నీ కంఠతా వచ్చిన ఆ ఖరగ్‌పూర్ బాబు ఇరవై ఏళ్ళ తరువాత దరఖాస్తు పెట్టుకుంటే, దాంట్లో "తెలిసిన భాషలు" అనే గడిలో నాలుగు పేర్లు రాయగలడు, తెలుగు మానిపించకపోతే.