లేజర్‌కు డబ్బు కట్టే ముందు అడగవలసినవి

మేట్రిక్ డ్యాన్స్ దగ్గరపడినా, ఇంట్లో పెళ్ళి కుదిరినా, ఈ రోజుల్లో మన ఆడపిల్లలు ముందుగా అడిగే వాటిలో లేజర్ ఒకటి. పై పెదవి మీద నూగు, గడ్డం మీద నాలుగు వెంట్రుకలు, చేతుల మీద ఒత్తుగా పెరిగే వెంట్రుకలు మన కుటుంబాలలో కొత్త కాదు. అమ్మమ్మలు సున్నిపిండితో రుద్దారు. అమ్మలు త్రెడ్డింగ్, వ్యాక్సింగ్ చేయించుకున్నారు. ఇప్పుడు డర్బన్‌లో పెద్ద మాల్‌కు వెళ్ళినా, చాట్స్‌వర్త్‌లోనో ఫీనిక్స్‌లోనో చిన్న సెలూన్‌కు వెళ్ళినా "వెంట్రుకలు శాశ్వతంగా పోతాయి" అనే బోర్డు కనిపిస్తుంది. ఆరు సార్లకు కలిపి ముందే కడితే ధర తగ్గిస్తామంటారు.

ఇది మంచిదేనా అని తల్లులు అడుగుతుంటారు. సరిగా చేస్తే మంచిదే. అయితే తెల్లవారికి చక్కగా పనిచేసిన యంత్రమే మన చర్మాన్ని కాల్చవచ్చు. కాబట్టి మంచి చికిత్సను ముందే ఎలా గుర్తుపట్టాలో తెలుసుకుందాం.

వెలుగు ఏం చేస్తుంది?

వెంట్రుకకు నలుపునిచ్చే పదార్థం పేరు మెలనిన్. యంత్రం నుంచి వచ్చే వెలుగును మెలనిన్ పీల్చుకుంటుంది. ఆ వెలుగు వేడిగా మారి కుదురును దెబ్బతీస్తుంది. చుట్టూ ఉన్న చర్మానికి హాని లేకుండా, ఎంచుకున్న చోటునే ఇలా వేడిచేయవచ్చని 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు వైద్యులు వివరించారు. ఈ చికిత్సలన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి.

మన కష్టం ఇక్కడే మొదలవుతుంది. మెలనిన్ వెంట్రుకలో ఉన్నట్టే మన చర్మంలోనూ ఉంది. తెల్లని చర్మం మీద నల్లని వెంట్రుక ఉంటే వేడి ఎక్కువగా వెంట్రుకకే చేరుతుంది. చర్మం చామనఛాయగానో నల్లగానో ఉంటే కొంత వేడి పైచర్మంలోనే నిలిచిపోతుంది. బొబ్బలు, మచ్చలు వచ్చేది అందువల్లే.

చర్మం రంగులను వైద్యులు ఆరు రకాలుగా లెక్కిస్తారు. ఫిట్జ్‌పాట్రిక్ అనే వైద్యుడు 1975లో ఈ కొలతను మొదలుపెట్టినప్పుడు అందులో తెల్లని చర్మానికి సంబంధించిన నాలుగు రకాలే ఉండేవి. 5, 6 రకాలు తరువాత చేర్చారు. 1860 నుంచి ఓడలెక్కి నేటాల్ చెరకు తోటలకు వచ్చినవారి సంతతి మనం. మనలో ఎక్కువమంది 4, 5 రకాలలోకి, కొందరు 6వ రకంలోకి వస్తాం. మీ చర్మం చూసి అది ఏ రకమో చెప్పలేని చోట పని చేయించుకోకండి.

యంత్రం పేరు అడగండి

లేజర్లు ఒక్కటే రకం కాదు. ప్రతిదానికీ నానోమీటర్లలో ఒక అంకె ఉంటుంది. అలెగ్జాండ్రైట్‌కు 755, డయోడ్‌కు సుమారు 800 నుంచి 810, ఎన్‌డీ యాగ్‌కు 1064. వీటిలో అంకె పెరిగేకొద్దీ వెలుగు లోతుకు వెళ్తుంది, చర్మంలోని మెలనిన్ దానిని తక్కువ పీల్చుకుంటుంది. అందుకే ముదురు రంగు చర్మానికి 1064 ఎక్కువ క్షేమం. దానికీ లోటు ఉంది. సన్నని నూగు మీద అది అంత బలంగా పనిచేయదు, నొప్పి కూడా కాస్త ఎక్కువ. అనుభవం ఉన్నవారు డయోడ్‌ను కూడా చర్మాన్ని బాగా చల్లబరుస్తూ మనవంటి చర్మం మీద జాగ్రత్తగా వాడతారు. 755తో మనకు ప్రమాదం ఎక్కువ.

ఐపీఎల్ అనేది లేజర్ కాదు. అది గట్టి దీపపు మెరుపు. సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల దాకా ఉన్న వెలుగంతా అందులో కలిసి వస్తుంది. కొంత భాగాన్ని ఫిల్టర్‌తో ఆపుతారు. ముదురు రంగు చర్మం మీద దీనితో కాలే అవకాశం ఎక్కువ. ఇంట్లో వాడుకునే చిన్న యంత్రాలు చాలావరకు ఐపీఎల్‌వే. వాటి పెట్టె మీద చర్మపు రంగుల పట్టీ ఉంటుంది, ముదురు రంగుల దగ్గర వాడవద్దని గుర్తు ఉంటుంది. ఆ పట్టీ పక్కన మీ చెయ్యి పెట్టి చూసి, ఆ తరువాతే కొనాలో వద్దో తేల్చుకోండి.

ఒకసారి సెలవుల తరువాత మా తరగతిలో ఒక అమ్మాయి ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జెర్సీ విప్పలేదు. కారణం తరువాత తెలిసింది. రెండు ముంజేతుల మీద ఇటుకలు పేర్చినట్టు నల్లని చారలు. యంత్రపు గాజు పలక ఆనిన చోటల్లా ఒక మచ్చ. అవి మాయడానికి నెలలు పట్టింది. ఏ యంత్రం వాడారని అడిగితే ఆ పిల్లకూ తెలియదు, తల్లికీ తెలియదు.

మంచి చోట వాళ్ళే మిమ్మల్ని అడుగుతారు

గది ఎంత తళతళలాడుతోందన్నది లెక్కలోకి రాదు. పని మొదలుపెట్టే ముందు మిమ్మల్ని ఏమేమి అడిగారో చూడండి. ఏ మందులు వాడుతున్నారు? మొటిమలకు మాత్రలు తీసుకున్నారా? ఈమధ్య బీచ్‌లో ఎండకు నల్లబడ్డారా? గత నాలుగు వారాలలో వ్యాక్సింగ్ చేయించుకున్నారా? (కుదురులో వెంట్రుక లేకపోతే వెలుగు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ముందు రోజు షేవ్ చేసుకోవచ్చు.) గాయం మానాక మచ్చ ఉబ్బే స్వభావం ఉందా? గర్భంతో ఉన్నారా?

ముఖం తెల్లబడే క్రీములు వాడుతున్నారా అని కూడా అడగాలి. హైడ్రోక్వినోన్ కలిసిన అటువంటి క్రీములను మన ప్రభుత్వం 1990లోనే నిషేధించినా, చాటుగా అమ్మేవారు ఉన్నారు. అవి రాసిన చర్మం త్వరగా మంటెక్కుతుంది. అడిగినప్పుడు సిగ్గుపడి దాచకండి. చేతికి మెహెందీ, ముఖానికి పసుపు, పౌడరు లేకుండా శుభ్రంగా వెళ్ళండి.

తరువాత చిన్న చోట పరీక్ష చేయాలి. కనీసం రెండు రోజులు ఆగి చూడాలి. నల్లమచ్చ కొన్ని రోజుల తరువాత కూడా రావచ్చు గనుక మనవంటివారు ఒకటి రెండు వారాలు ఆగడం మేలు. చేసే సమయంలో మీకూ వారికీ కళ్ళద్దాలు ఉండాలి, చర్మాన్ని చల్లబరిచే ఏర్పాటు ఉండాలి. కనురెప్పల మీద చేయకూడదు. ప్రతిసారీ ఎంత శక్తి వాడారో మీ ఫైల్‌లో రాయాలి.

నెలసరి సరిగా రాక, మొటిమలతో పాటు గడ్డం మీద మందమైన వెంట్రుకలు వస్తుంటే ముందు డాక్టరును కలవండి. అది పీసీఓఎస్ కావచ్చు. హార్మోన్ల సంగతి చూడకుండా లేజర్ చేయిస్తే కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. దవడ మీద, మెడ మీద చేయించుకున్న కొందరికి, ముఖ్యంగా మనవంటి చర్మం ఉన్న స్త్రీలకు, వెంట్రుకలు తగ్గకుండా పెరగడం కూడా ఉంది. మంచివారు ఈ మాట ముందే చెబుతారు.

ఇక నా వయసు వారికి ఒక మాట. తెల్లబడిన వెంట్రుకలో మెలనిన్ ఉండదు కాబట్టి ఈ వెలుగు దాని మీద పనిచేయదు. సూదితో ఒక్కొక్క కుదురునూ కాల్చే ఎలక్ట్రాలిసిస్ పనిచేస్తుంది. తెల్ల వెంట్రుకలకు లేజర్ ప్యాకేజీ అమ్మజూపితే లేచి వచ్చేయండి.

ఫలితం లెక్కపెట్టండి

వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. పెరిగే దశలో ఉన్న వాటికే దెబ్బ తగులుతుంది. అందుకే ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాలకు, ఒంటికి ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చొప్పున, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది సార్లు చేస్తారు. చేసిన ఒకటి నుంచి మూడు వారాలలో వెంట్రుకలు రాలిపోతాయి. ఆ రాలడం చూసి పని అయిపోయిందనుకోకండి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ కూడా ఈ యంత్రాలకు "శాశ్వతంగా తగ్గించడం" అన్న మాటనే ఒప్పుకుంటుంది. అంటే వెంట్రుకలన్నీ పోతాయని అర్థం కాదు.

మొదటిసారికి ముందు కాలి మీద రెండు సెంటీమీటర్ల చదరం గీసి, అందులోని వెంట్రుకలు లెక్కపెట్టండి. అదే కిటికీ వెలుగులో ఫోటో తీయండి. చివరిసారి అయిన మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్ళీ లెక్కపెట్టండి. పిల్లలు కూడా చేయగల లెక్క ఇది.

చేసిన తరువాత కుదుళ్ళ చుట్టూ ఎరుపు, కొద్దిగా వాపు ఒకటి రెండు రోజులు ఉంటే భయం లేదు. బొబ్బలు వస్తే, చర్మం బూడిదరంగుకు మారితే, మంట తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. అది మానేదాకా తరువాతి విడత వద్దు. మన డిసెంబరు ఎండలో కంటే మే నుంచి ఆగస్టు వరకు చలికాలంలో చేయించుకోవడం మంచిది. అప్పుడు కూడా సన్‌స్క్రీన్ మానకండి.

ఆరు విడతల డబ్బు మొదటి రోజే కట్టనవసరం లేదు. కట్టి ఉన్నా, ముందుగా బుక్ చేసుకున్న సేవను రద్దు చేసుకునే హక్కు 2008 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకు ఇచ్చింది. వారు న్యాయమైన రుసుము మాత్రమే పట్టుకోవచ్చు. రసీదు దాచుకోండి.

తల్లులకు ఒక మనవి. "నీకు మీసం వచ్చింది" అని తరగతిలో ఎవరో ఏడిపించిన రోజు సాయంత్రమే పిల్లను సెలూన్‌కు తీసుకువెళ్ళకండి. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లకు హార్మోన్లు ఇంకా కుదుటపడవు. అప్పటికి త్రెడ్డింగ్ చాలు. ఏడిపించిన వారి సంగతి మాకు చెప్పండి, అది బడి చూసుకోవలసిన పని. పిల్ల పెద్దదై, తనకే కావాలనిపించిన రోజు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని ఆమెతో కలిసి వెళ్ళండి. అన్నిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పిన చోటనే డబ్బు కట్టండి.