జడుపు పోయేదెలా?

తుపాను తీరం దాటి వెళ్లిపోతుంది. అది పసివాళ్ల మెదడులో రేపిన భయం మాత్రం ఒక్కో వయసులో ఒక్కో తీరుగా మిగులుతుంది. ఆ తీరు తెలిస్తే, తుపాన్లతో కాపురం చేసే ఉత్తరాంధ్ర తన పిల్లల్ని ఇంకాస్త బాగా కాచుకోగలదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 150 కిలోమీటర్ల దాకా వీచిన గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. వెనకే వంశధార పొంగింది. రోజుల తరబడి కరెంటు లేదు. తర్వాత అధికారులు వచ్చి కూలిన చెట్లు, పడిన ఇళ్లు, పోయిన పడవలు, వలలు లెక్క రాసుకున్నారు. పైకప్పు రేకులు ఎగిరిపోతుంటే చీకట్లో అమ్మను కరుచుకుని కూర్చున్న ఆరేళ్ల పిల్లాడికి జరిగిన నష్టాన్ని ఏ గడిలో రాయాలి?

‘గుంటడు జడిసిపోనాడు’ అంటారు ఇక్కడి పెద్దలు. రాత్రిళ్లు కలవరింతలు, పక్క తడపడం, గాలి కాస్త హోరెత్తితే చెవులు మూసుకోవడం, అమ్మ గుమ్మం దాటితే ఏడుపు... జడుపు గుర్తులు అందరికీ తెలిసినవే. తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు. కొందరు పిల్లలు నెలలోపే మామూలైపోతారు. కొందరికి ఏళ్లు గడిచినా ఆ రాత్రి గడవదు. ఎందుకీ తేడా? మెదడు ఏ వయసులో భయాన్ని ఎలా నేర్చుకుంటుంది, ఎలా మరుస్తుంది, ఎలా ఆర్పుకుంటుంది అన్నదాంట్లో కొంత జవాబుంది.

ఆరిన భయం చెరిగినట్టు కాదు

కణతల లోపలి వైపు అమిగ్డలా అనే చిన్న భాగం ఉంటుంది. ప్రమాదాన్నీ, దానితో పాటు వచ్చిన చప్పుడునూ, వాసననూ ముడివేసి దాచుకునేది అదే. అది ఎక్కడ, ఎప్పుడు జరిగిందో గుర్తుంచేది హిప్పోక్యాంపస్. ‘ఇప్పుడేం ఫర్వాలేదు’ అని అమిగ్డలాను నిమ్మళింపజేసేది నుదుటి వెనకాల ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. మొదటిది చాలా తొందరగా పనిలోకి దిగుతుంది. చివరిది పూర్తిగా పరిణతి చెందేసరికి ఇరవై ఏళ్లు దాటిపోతాయి. అంటే పిల్లల్లో భయపడే శక్తి ముందే వస్తుంది, దాన్ని అదుపు చేసుకునే శక్తి తర్వాతెప్పుడో వస్తుంది.

భయపెట్టిన చప్పుడు ఏ హానీ లేకుండా మళ్లీ మళ్లీ వినిపిస్తే భయం క్రమంగా ఆరిపోతుంది. అయితే అది చెరిగిపోదు. రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ తన కుక్కల్లో దీన్ని ఏనాడో గమనించాడు. గంట మోగినా తిండి రాకపోతే కుక్కకు లాలాజలం ఊరడం ఆగిపోయింది. కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ గంట కొడితే తిరిగి ఊరింది. పెద్దవాళ్ల మెదడులో భయం ఆరడమంటే, తోటలో కూలిన చెట్టు మోడును తీయకుండానే పక్కన కొత్త మొక్క నాటడం. మొక్క ఎదిగితే మోడు కనబడదు, కానీ అక్కడే ఉంటుంది.

ఎలుక పిల్లలు చెప్పిన సంగతి

సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జీ హ్యున్ కిమ్, రిక్ రిచర్డ్‌సన్ 17 రోజుల ఎలుక పిల్లలకూ, 24 రోజుల వాటికీ ఒక చప్పుడంటే భయం నేర్పి, తర్వాత ఆ భయాన్ని ఆర్పారు. కాస్త పెద్దవాటిలో, చోటు మారగానే భయం తిరగబెట్టింది. చిన్నవాటిలో తిరిగి రాలేదు. మోడు కూడా పోయినట్టే! ఎందుకిలా అన్నదానికి 2009లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఒక ఆధారం చూపించారు. చుంచెలుకల అమిగ్డలాలో మూడో వారం నుంచి కొన్ని నాడీకణాల చుట్టూ వలలాంటి పొర అల్లుకుంటుంది. భయం జ్ఞాపకాన్ని పదిలంగా కాపాడేది ఆ పొరే. పెద్ద ఎలుకల్లో దాన్ని ముందే కరిగించి భయం నేర్పితే, ఆ భయాన్నీ తర్వాత చెరిపేయగలిగారు.

మరి మరుపు? రెండు మూడేళ్ల వయసులో జరిగినవి మనలో చాలామందికి గుర్తుండవు. ఆ వయసులో హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాలు జోరుగా పుట్టుకొస్తూ పాత అల్లికను మార్చేస్తుంటాయని, మరుపుకు అదొక కారణమని 2014లో టొరంటో పరిశోధకులు ఎలుకల్లో తేల్చారు. అలాగని మరిచినదంతా మాయమైపోయినట్టు కాదు. చిన్ననాడు మరిచిపోయిన భయం, తగిన గుర్తుచేతలు ఎదురైతే మళ్లీ లేచొస్తుందని న్యూయార్క్‌లో క్రిస్టినా ఆల్బెరిని బృందం 2016లో చూపింది. ‘పసివాడు, వాడికేం గుర్తుంటుందిలే’ అనుకోవడం సరికాదన్నమాట.

అమ్మ పక్కనుంటే

ఈ పరిశోధనల్లో ఉత్తరాంధ్రకు అన్నిటికన్నా ముఖ్యమైనది తల్లి సంగతి. పది రోజులు నిండని ఎలుక పిల్లకు ఒక వాసనతో పాటు చిన్న షాక్ ఇస్తే, అది ఆ వాసనకు దూరం జరగదు సరికదా దగ్గరికే వెళుతుంది. ఆ వయసులో వాసనతోనే తల్లిని పోల్చుకోవాలి, తల్లి లేకపోతే బతుకే లేదు మరి. ఆ తర్వాత భయం నేర్చుకునే వయసొచ్చినా, కొన్నాళ్లపాటు తల్లి పక్కనుంటే చాలు, ఒత్తిడి హార్మోను పెరగదు, భయం నాటుకోదు. అమెరికా శాస్త్రవేత్త రెజీనా సలివన్ బృందం తేల్చిన విషయమిది. దీనికి మరో పార్శ్వమూ ఉంది. రోజూ గంటల తరబడి తల్లికి దూరంచేసిన ఎలుక పిల్లల్లో భయం ముందే ముదిరిపోతుందని, ఆర్పినా తిరగబెడుతుందని బ్రిడ్జెట్ కాలగన్, రిచర్డ్‌సన్ 2011లో చూపారు.

ఎలుకల సంగతిని మనుషులకు అచ్చంగా అంటగట్టలేం. కానీ శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో వలస ఎంతుందో తెలిసినవారికి ఇది ఆలోచించాల్సిన మాటే. అమ్మానాన్నలు విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో కూలికి పోతే పిల్లలు తాతామామ్మల దగ్గర పెరుగుతుంటారు. అలాంటి పిల్లాడికి తుపాను రాత్రి పక్కన నిబ్బరంగా కూర్చునే మామ్మే కొండంత అండ. ఆమె వణికిపోతే వాడికీ వణుకే.

పన్నెండు దాటాక

తల్లి ఫొటో చూపినా చిన్నపిల్లల్లో అమిగ్డలా శాంతిస్తుందనీ, కౌమారంలో ఆ ప్రభావం కనిపించదనీ 2014లో నిమ్ టాటెన్‌హామ్ బృందం గమనించింది. భయం ఆరడం కూడా ఆ వయసులోనే కష్టం. 12-17 ఏళ్లవారు అటు చిన్నపిల్లల కన్నా, ఇటు పెద్దల కన్నా భయాన్ని తక్కువగా ఆర్పుకోగలుగుతున్నారని న్యూయార్క్ పరిశోధకులు 2012లో తెలిపారు.

తిత్లీ నాటికి ఆరేళ్లున్న పిల్లలు ఇప్పుడు సరిగ్గా ఈ వయసులోనే ఉన్నారు. మీసం మొలుస్తున్న కుర్రాడు ‘నాకు భయమేస్తోంది’ అని నోరు తెరిచి చెప్పడు. విసుక్కుంటాడు, బడి మానేస్తాడు, నిద్రపోడు. అది భయమని పెద్దలే పసిగట్టాలి.

పొరుగున ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్ వచ్చిన ఏడాదికి నీలమాధవ్ కర్ బృందం 447 మంది పిల్లల్ని పరీక్షించింది. 30.6 శాతం మందిలో ఆ ఉత్పాతం తాలూకు మానసిక గాయం, వ్యాధి స్థాయిలోనే కనిపించింది. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర ఛటర్జీ బృందం చూసిందీ ఇలా తొందరగా మానని గాయాన్నే. పది రోజుల ఒత్తిడికి ఎలుకల్లో హిప్పోక్యాంపస్ కణాల కొమ్మలు కుంచించుకుపోయాయి, అమిగ్డలా కణాల కొమ్మలు పెరిగాయి. 21 రోజుల విశ్రాంతితో మొదటిది కోలుకుంది, రెండోది మాత్రం అలాగే ఉండిపోయింది. కాలమే అన్నీ మాన్పుతుందని ఊరుకోకూడదు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అదే ఊళ్లో, అదే గాలిలో

భయం ఆరిన చోటు ఒకటి, మళ్లీ ఎదురైన చోటు మరొకటి అయితే అది తిరగబెడుతుంది. విశాఖలో మేనత్త ఇంట్లో హాయిగా నిద్రపోయిన పిల్లాడు సొంతూరికొచ్చి, కమ్మలు కొట్టుకునే చప్పుడు వినగానే మళ్లీ జడుసుకోవడానికి కారణమిదే. పైగా మన తీరానికి అక్టోబరు అంటేనే గండం: 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. అంచేత ధైర్యం నేర్పాల్సింది ఇంటి దగ్గరే, ఆ చప్పుళ్ల మధ్యే, మెల్లమెల్లగా.

ఎలాగన్నది 1924లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్ చేసి చూపింది. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్లలోపు పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును రోజురోజుకూ కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చింది. చివరికి పిల్లాడు దాన్ని చేత్తో నిమిరాడు. ఇందులో బలవంతం లేదు, వెక్కిరింపు లేదు.

తుపాను షెల్టరులో బియ్యం, నీళ్లు, కిరోసిన్ సిద్ధం చేసినంత శ్రద్ధగా పిల్లల కోసం ఒక మూల, వాళ్ల పక్కన తెలిసిన టీచరమ్మనో అంగన్‌వాడీ అమ్మనో ఉంచాలి. బడి తలుపులు ఎంత త్వరగా తెరిస్తే అంత మంచిది. రోజూ ఉండే గంట, అన్నం, ఆట మళ్లీ మొదలైతేనే ముప్పు తప్పిందని పిల్లలు నమ్ముతారు. నష్టపరిహారం జాబితాలు రాసే చేతులే, నెల తర్వాత, ఆర్నెల్ల తర్వాత, మళ్లీ అక్టోబరు వచ్చినప్పుడు, ఇంటింటికీ వెళ్లి ‘పిల్లలు నిద్రపోతున్నారా?’ అని అడగాలి. కొబ్బరి తోటకు మళ్లీ కాపు రావడానికి ఏళ్లు పడుతుందని రైతుకు ఓపిక ఉంది. పిల్లల విషయంలోనూ మనకు ఆ ఓపిక ఉండాలి, ఆ ఖర్చుకు ప్రభుత్వం సిద్ధపడాలి.

ఇంట్లో పెద్దలు ఏం చేయాలి?

• గాలివాన రాత్రి పిల్లల పక్కనే ఉండండి. ఏం జరుగుతోందో నిదానంగా, ఉన్నదున్నట్టు చెప్పండి.
• ‘బూచోడొస్తాడు’, ‘తుపానొచ్చి ఎత్తుకుపోద్ది’ అని బెదిరించకండి.
• పిరికివాడని ఎగతాళి చేయకండి. భయపడే చోటికి ఒక్కసారిగా ఈడ్చుకెళ్లకండి. చేయి పట్టుకుని కొద్దికొద్దిగా అలవాటు చేయండి.
• టీవీలో తుపాను దృశ్యాలు పదేపదే చూడనివ్వకండి.
• నెల దాటినా నిద్ర, తిండి, చదువు గాడిన పడకపోతే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీమానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.