‘ఎల్లిపోనాడు’ ఏ కాలం?

గంగరాజులు గుడి కట్టించారు. వంశధార పారుతోంది. శివరాత్రికి జనం వస్తారు. శ్రీముఖలింగంలో మూడో తరగతి చదివే పిల్ల ఈ మూడు మాటలూ తడుముకోకుండా చెప్పగలదు. ఆ పిల్లనే ‘భూతకాలం అంటే ఏమిటి?’ అని అడిగితే బిక్కమొహం వేస్తుంది. ఆమెకు రానిది కాలం కాదు, దాని పేరు. బడిలో అడుగుపెట్టేనాటికే నోట పట్టుబడిన దానిని కొత్త పాఠంలా పట్టిక గీసి వల్లె వేయించడం దగ్గరే చిక్కు మొదలవుతోంది. పిల్లలు ముందు ఆడాలి, ఆ ఆటలోంచి పట్టిక రావాలి.

నోట ఉన్నదానితోనే చదువు మొదలుపెట్టాలన్న మాట ఈ నేలకు కొత్తదేమీ కాదు. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు, వాడుకలో ఉన్న భాషే చదువుకు పునాది కావాలని జీవితమంతా పోరాడారు. సవర గిరిజనుల నోట విని వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాళ్ల పిల్లలకు వాచకాలు రాశారు. ఫ్రాన్సులో గువాఁ అనే ఉపాధ్యాయుడు 1880లో వెలువరించిన పద్ధతి కూడా ఇలాంటిదే: తలుపు దగ్గరికి నడవడం, గడియ తీయడం, తలుపు తెరవడం వంటి పనులను వరసగా చేస్తూ, చేసే పనిని నోటితో చెప్పించడం. దాన్ని మన తరగతికి తెచ్చుకోవచ్చు. ఒక పిల్ల తలుపు వైపు కదిలితే మిగతావాళ్లు ‘తెరుస్తుంది’ అంటారు, చెయ్యి వేసి తోస్తుంటే ‘తెరుస్తోంది’, తోసేశాక ‘తెరిచింది’. ఒకే పనిలో మూడు కాలాలూ కళ్లముందు నడుస్తాయి. వరినాట్ల రోజుల్లో ఇదే ఆటను నారుమడి మీదికి మళ్లించవచ్చు.

అసలు మెలిక మరోచోట ఉంది. ‘అన్న రోజూ పొలానికి వెళ్తాడు’, ‘అన్న రేపు పొలానికి వెళ్తాడు’. రెండింటా క్రియ ఒకటే. కాదన్నా ‘వెళ్లడు’ అనే ఒక్క మాటే రెంటికీ సరిపోతుంది. మన వ్యాకరణం తద్ధర్మమని పిలిచే ఆ అలవాటు అర్థాన్నీ, భవిష్యత్తునీ తెలుగు ఒకే రూపంలో ఇముడ్చుకుంది. ఇంగ్లీషు మాత్రం ‘గోస్’ అనీ ‘విల్ గో’ అనీ విడదీస్తుంది. తెలుగు పిల్లలు అక్కడ తడబడితే అది మందబుద్ధి కాదు, తమ భాష లెక్కను నమ్మకంగా పాటించడమే. నేల మీద సుద్దతో రెండు గళ్లు గీసి, ఒకదానికి ‘రోజూ’, రెండోదానికి ‘రేపు’ అని పేరు పెట్టి, వాక్యం వినగానే తగిన గడిలోకి దూకమనాలి. ఎప్పుడన్నది చెప్పకుండా ఉత్త ‘వెళ్తాడు’ అంటే దూకబోయిన పిల్ల ఆగి, ‘రోజూనా, రేపా?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న పుట్టాక ఇంగ్లీషులో రెండు రూపాలు ఎందుకున్నాయో చెప్పడం ఎంతో సులువు.

ఆటలకు పోతే సిలబస్ ఎలా పూర్తవుతుందన్న బెంగ న్యాయమైనదే. అయితే అర్థం కాని పట్టికను ఏటా మళ్లీ మొదటినుంచి చెప్పడానికి పట్టే కాలాన్నీ లెక్కలో వేయాలి. పరీక్షలో పేర్లు అడుగుతారు కాబట్టి పేర్లూ నేర్పాల్సిందే, అయితే పిల్లలు తేడా పట్టుకున్న తర్వాత. యాస వల్ల భాష పాడవుతుందన్న అభ్యంతరం మాత్రం నిలవదు. ఇక్కడి యాసలోని ‘ఎల్లిపోనాడు’ నిఖార్సయిన భూతకాలం. దాన్ని తప్పని కొట్టేస్తే పిల్ల నోరు మూసుకుంటుంది. దాని పక్కనే ‘వెళ్లిపోయాడు’ అని రాస్తే రెండూ నేర్చుకుంటుంది.

ఏటా ఆగస్టు 29న, గిడుగు పుట్టినరోజున, బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. పంతుళ్లూ, టీచరమ్మలూ! ఈసారి ఆ రోజు ఒక్క పీరియడ్ పట్టికను పక్కనపెట్టి, పిల్లల నోటి క్రియలను బోర్డు మీదికి ఎక్కించండి.